పర్లాకిమిడిలో రెండు రోజులు

ఈ ఉగాది సంచికకు ఏదైనా ఊరిని గురించి, చూడవలసినవీ తినవలసినవీ కలిపి నాలుగు పుటలు వ్రాయమని మన సంఘ కార్యదర్శిగారు కోరినారు. చదివినవారు సెలవులకు సంచులు సర్దుకొనేటట్లు ఉండాలన్నారు. మేము రైల్వేలో గుమాస్తా పనివాళ్ళము. మెట్రిక్కుతో చదువు ఆపి, రిజిస్టర్లు తప్ప మరేమీ వ్రాయనివాళ్ళము. అయినా ఒప్పుకొన్నాము. కారణమేమంటే, మన బరంపురము తెలుగువారికి సెలవులనగానే అరకో ఊటీయో గుర్తుకు వస్తుంది. పాసులున్న మా రైల్వే కుటుంబాలకైతే దార్జిలింగు కంటె దగ్గరలో కొండలే కనపడవు. చేతికందే దూరములో, మొన్నమొన్నటి వరకు మన గంజాము జిల్లాలోనే ఉన్న కొండ పట్టణమును అడిగేవారు లేరు. మొన్న శివరాత్రి వెళ్ళిన తరువాత నాలుగు కుటుంబాలము కలిసి అక్కడికి పోయి వచ్చినాము. వ్రాయబోతే తిండి కంటె చరిత్ర ఎక్కువైనది, చదువరులు మన్నించాలి.

ముందుగా ఒక మాట. పర్లాకిమిడి ఊటీ వలె కొండమీద కట్టిన ఊరు కాదు. కొండల ఒడిలో కూర్చున్న ఊరు. ఏ వీధిలో నిలిచి చూసినా, వీధి చివర ఒక కొండ అడ్డముగా నిలిచి ఉంటుంది. కొండలమీది సవరలు దిగివచ్చేదీ, మైదానము వర్తకులు ఎక్కిపోయేదీ ఇక్కడినుండే. కిమిడీలు మూడు: పెద్దకిమిడి, చిన్నకిమిడి, పర్లాకిమిడి. మనకు నిత్యము వినపడే దిగపహండి పెద్దకిమిడిలోనిదే. మూడింటిలోను పేరు నిలుపుకొన్నది పర్లాకిమిడి. అది చెన్నరాజధానిలో ఉత్తరపు కొసనున్న గంజాము జిల్లాలో పెద్ద జమీందారీ. గజపతి వంశీయులు పాలించినారు. కుంపిణీవారి కాలములో అక్కడ అల్లరులు చెలరేగగా, 1832లో జార్జి రస్సెలు అనే దొరను ప్రత్యేక కమీషనరుగా పంపినారు. ఇప్పటి భంజనగరమును మన తాతలు రస్సెలుకొండ అని పిలిచినది ఆ దొర పేరు మీదనే. స్వరాజ్యము వచ్చిన తరువాత కూడా పర్లాకిమిడి గంజాము జిల్లాలోనే ఉండి, 1992 అక్టోబరు 2న గజపతి జిల్లాకు ముఖ్యపట్టణమైనది.

పోవుటకు రైలే మంచిది. ఇది మా వృత్తి పక్షపాతము కాదు. పూరీ నుండి గుణుపూరు పోయే బండి బరంపురము మీదుగా పోతుంది. ఇచ్ఛాపురము, సోంపేట, మందస, పలాస, పూండీ దాటి నౌపడా చేరి, అక్కడ పెద్ద లైను విడిచి పడమటికి తిరుగుతుంది. వేళలు మారుతూ ఉంటాయి గనుక బయలుదేరే ముందు విచారించుకొనండి. పలాస దగ్గర జీడిపప్పు కొనుక్కోమని ఎవరూ చెప్పనక్కరలేదు.

నౌపడా నుండి పర్లాకిమిడికి పోయే ఈ లైను కథ మాకు ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు. ఒకప్పుడు రాజావారంతటివారు కూడా కలకత్తా, మద్రాసుల బండి ఎక్కుటకు పర్లాకిమిడి నుండి నౌపడా దాకా ఎడ్లబండిమీదనే రావలసివచ్చేది. గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ గారు ఈ అవస్థ చూసి, తమ ఖర్చుతోనే లైను వేయించినారు. ఖర్చు 7 లక్షల రూపాయలు. పొడవు 25 మైళ్ళు. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులు మాత్రమే. 1900 ఏప్రిల్ 1న బండి నడిచినది. మొదట కొన్నియేళ్ళు నష్టమే. తరువాత కొద్దిగా లాభము కళ్ళచూసినారు. 1929-31 మధ్య లైనును గుణుపూరు వరకు పొడిగించగా మొత్తము 90 కిలోమీటర్లైనది. కొండచింతపండు, పసుపు, అడ్డాకులు, కలప దిగినవి దీనిమీదనే. ఉప్పు, ఎండుచేపలు, బట్టలు ఎక్కినవి దీనిమీదనే. పర్లాకిమిడి బజారు బలిసినది ఈ బుల్లిబండి వలన.

ఆ బుల్లిబండి మేమెక్కినాము. మా తండ్రిగారు కూడా రైల్వేలోనే చేసినారు. చిన్నతనములో మమ్మల్ని ఒకసారి తీసుకొనిపోయినారు. బండి టెక్కలి దాటిన తరువాత ఒక మలుపులో ఎంత మెల్లగా పోయినదంటే, మా ఎదుట కూర్చున్న కుర్రవాడు దిగి, గట్టుమీది రేగుపళ్ళు కోసుకొని, మళ్ళీ ఎక్కినాడు. మేమూ దిగబోతే నాన్నగారు జుట్టు పట్టుకొని కూర్చోబెట్టినారు. 2004లో ఆ బండి ఆగిపోయినది. పట్టాలు పెకలించి పెద్ద లైను వేసినారు; 2011 నాటికి గుణుపూరు దాకా పెద్దబండ్లే నడిచినవి. ఇప్పుడు ప్రయాణము సుఖము. రేగుపళ్ళు మాత్రము కిటికీలోనుండి చూడవలసినదే.

పాతపట్నము స్టేషను ఆంధ్రదేశములోనిది. తరువాతిది పర్లాకిమిడి, ఒడిశాలోనిది. నడుమనున్నది మహేంద్రగిరినుండి దిగివచ్చే మహేంద్రతనయ అనే చిన్న ఏరు. ఆ ఏటిని గురించి మళ్ళీ చెప్పుతాము, ముందు ఆకలి.

బజారులో ఒక చిన్న హోటలులో దిగినాము. మోటుబల్లలు, గోడమీద జగన్నాథస్వామి, పక్కన సత్యనారాయణస్వామి. యజమాని మమ్మల్ని చూసి, "ఏటెయ్యమంటారు బాబూ? ఇడ్లీ దిగీసింది" అన్నాడు. ఆ నోటితోనే వెనుకకు తిరిగి పక్క బల్లవారిని, "కొణొ దేబి?" అని ఒడియాలో అడిగినాడు. మాకు వేడి ఇడ్లీలు, ఉల్లిపాయ పచ్చడి వచ్చినవి. పక్క బల్లవారికి ఉప్మా, దానిమీద బఠాణీల గుగుని వచ్చినది. మన బరంపురములో కూడా ఉప్మాకు గుగుని జత చేయుట మామూలే గనుక మాకు వింత అనిపించలేదు గాని, మాతో వచ్చిన రాజమండ్రి బావగారు, "ఉప్మాలో బఠాణీల పులుసేమిటి!" అని ముక్కుమీద వేలు వేసుకొన్నారు. తరువాత రెండుసార్లు వడ్డించుకొన్నారు.

కడుపు నిండిన తరువాత ఊరు చూసినాము. గజపతుల కోట, ఏటి ఒడ్డునున్న బృందావన ప్రాసాదము ముఖ్యము. బృందావన ప్రాసాదమును మద్రాసులో పేరుపొందిన చిషోము దొర రూపకల్పన చేసినారు. కొమ్ముతో దువ్వెనలు, కొంగలు, రొయ్యలు చేసే పనివారు ఈ ఊరికి ప్రత్యేకము. నల్లని కొమ్మును కాచి, వంచి, సానపట్టి చేసిన రొయ్యను చూస్తే మీసాలు కదులుతున్నట్లే ఉంటుంది. రెండు దువ్వెనలు కొన్నాము.

ఇక మేము ఈ ఊరికి పోయిన అసలు కారణము. 1880లో విజయనగరమునుండి ఒక పదిహేడేళ్ళ యువకుడు ఇక్కడికి వచ్చి, రాజావారి పాఠశాలలో 30 రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా చేరినాడు. అంతకు ముందు యేడే మెట్రిక్యులేషను ప్యాసైనాడు. గురజాడ అప్పారావుగారు సహాధ్యాయి. ఆ యువకుడే గిడుగు వేంకట రామమూర్తిగారు. జననము 1863 ఆగస్టు 29, శ్రీముఖలింగము దగ్గర పర్వతాలపేట. మెట్రిక్కు చదువుతో ఉద్యోగములో చేరినవారని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషము చదువరులు ఊహించుకొనగలరు. ఆయన అక్కడ ఆగలేదు, మేము ఆగినాము. అది వేరే సంగతి. ప్రైవేటుగా చదివి బి.ఏ. దాకా పోయినారు. ముఖలింగము శాసనాలు చదివి, గాంగరాజుల కళింగనగరము అదేనని వాదించినవారిలో ఆయన ఒకరు.

కాని ఆయన్ని ఆయనగా చేసినవి ఈ ఊరి చుట్టూ ఉన్న కొండలు. సంతకు దిగివచ్చే సవరల మాటలు వారి చెవిని పడినవి. ఆ భాషకు లిపి లేదు, పుస్తకము లేదు, నేర్పే గురువు లేడు. రామమూర్తిగారు తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తమ ఇంటనే పెట్టుకొని, అతడు పలికినదల్లా వింటూ, వ్రాసుకొంటూ, అడుగుతూ ఏళ్ళతరబడి నేర్చుకొన్నారు. సవర పిల్లలకు వారి మాటలలోనే చదువు చెప్పించాలని సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చినారు. ఆ రోజులలో కొండలలో తిరుగుట అంటే మలేరియాకు ఎదురుపోవుటే. జ్వరానికి క్వినైను మింగి మింగి ఆయనకు చెవుడు వచ్చినది. నోటిమాటను విని భాష తెలుసుకోవాలని చెప్పిన పెద్దమనిషికి వినికిడి పోయినది! అయినా పని మానలేదు. 1931లో సవర భాషా వ్యాకరణ గ్రంథము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. రెండవది అచ్చైనప్పటికి ఆయనకు 75 యేళ్ళు.

వాడుక తెలుగులో పుస్తకాలు వ్రాయవచ్చును, వ్రాయాలి అని ఆయన పండితులతో చేసిన పోరాటము అందరికీ తెలిసినదే. అందరూ దానిని తెలుగు కథగానే చెప్పుతారు. పర్లాకిమిడి బజారులో నిలబడితే అది సవర కథగా కూడా కనపడుతుంది. పుస్తకమే లేని భాషకు కూడా నోటిమాటలో ఎంత వ్యాకరణము, ఎంత నియమము ఉన్నదో కొండవాళ్ళ దగ్గర నేర్చుకొన్న మనిషి, పుస్తకములో లేదు గనుక తెలుగు మాట తప్పు అంటే ఎట్లా ఒప్పుకొంటారు? ఇది మా ఊహ. పండితులు కాదంటే వాదించలేము.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోవాలి. మన పెళ్ళిళ్ళకు గోదావరి జిల్లాల చుట్టాలు వచ్చినప్పుడు మన మాట విని నవ్వుతారు. ఒడియా మాట దొర్లినప్పుడు "మీది తెలుగేనా?" అంటారు. మన పిల్లలు ఆ నవ్వు విని చుట్టాలముందు తెలుగు మాట్లాడుటే మానుకొన్నారు. బడిలో ఒడియా, ఇంగ్లీషు సరే సరి. రామమూర్తిగారు కోరినది శిష్టులు మాట్లాడుకొనే వాడుక భాష. మన కలగాపులగపు తెలుగును మెచ్చుకొనేవారని చెప్పుటకు మాకు అధికారము లేదు. కాని నవ్వేవారు కారని మాత్రము నమ్ముతున్నాము. వ్రాసుకొనేవారు.

ఇప్పుడు ఆ ఏటి సంగతి. 1930లో లండనులో జరిగిన రౌండు టేబిలు సమావేశమునకు పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్ గారు పోయి, ఒరిస్సాకు వేరు రాష్ట్రము కావాలని గట్టిగా వాదించినారు. మొదటి లెక్కలలో పర్లాకిమిడి ఆ రాష్ట్రములో లేదు. రాష్ట్రము కోరిన రాజు ఊరే బయట! రామమూర్తిగారు తెలుగువారి పక్షాన నిలిచి, చేర్చరాదని వాదించినారు. రాజావారి పాఠశాలలో జీవితము గడిపిన మనిషి, రాజావంశమువారికే ఎదురు చెప్పినారు. చివరకు జమీందారీని చీల్చినారు. పట్టణమూ కొండభాగమూ ఒరిస్సాకు, పాతపట్నమువంటి తెలుగు ఊళ్ళు మద్రాసుకు వచ్చినవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము పుట్టినది. కృష్ణచంద్ర గజపతిగారు 1937లో దానికి మొట్టమొదటి ప్రధానమంత్రి అయినారు. రామమూర్తిగారు 56 యేళ్ళు బ్రతికిన ఊరినీ, ఇంటినీ వదలి రాజమహేంద్రవరమునకు వెళ్ళిపోయినారు. మళ్ళీ ఈ ఊరివారు కాలేదు. 1940 జనవరి 22న కన్నుమూసినారు.

ఆయన వెళ్ళినారు. మన తాతలు వెళ్ళలేదు. బరంపురములో మగ్గము, దుకాణము, ఉద్యోగము ఉన్నవాళ్ళు, అవి వదలలేనివాళ్ళు ఉండిపోయినారు. మేము ఏటి ఒడ్డున కూర్చుని ఈ సంగతి మాట్లాడుకొన్నాము. మాలో ఒకరు, "ఆయన ఉండవలసినది, ఉంటే ఇక్కడి తెలుగుకు దిక్కుండేది" అన్నారు. రాజమండ్రి బావగారు, "మాట పట్టింపు గల మనిషి ఎట్లా ఉంటాడు?" అన్నారు. మాకు ఇద్దరి మాటా నిజమే అనిపించినది. రాజావారిని కూడా తప్పుపట్టలేము; తన భాషకు ఒక గూడు కావాలని ఆయన కోరుకొన్నారు, ఈయనా అదే కోరుకొన్నారు. అదే 1936లో మంగై గొమాంగో అనే సవర పెద్ద తన భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే లిపిని కల్పించినాడు. ఒక్క యేటిలో ఒకరికి రాష్ట్రము, ఒకరికి లిపి దొరికినవి. ఒకరికి ఊరు పోయినది.

మధ్యాహ్నము సంతవైపు పోయినాము. ఫాల్గుణ మాసములో పోయినవారికి లాభమేమంటే, కొత్త చింతపండు, కొండచీపుళ్ళు అప్పుడే దిగుతాయి. పసుపు కొమ్ములు, ఎండబెట్టిన వెదురుకొమ్ములు, లేత పనసకాయలు కుప్పలు పోసి ఉన్నవి. ఒక సవర ముసలమ్మ అడ్డాకుల కట్టలు ముందు పెట్టుకొని కూర్చున్నది. మాతో తెలుగులో బేరమాడి, పక్కనున్న వర్తకునితో ఒడియాలో దెబ్బలాడి, వెనుకనున్న మనుమరాలితో సవరలో గొణిగినది. మూడు భాషలు, ఒక్క బడికి పోలేదు. మా పిల్ల ఒకతె ఆ మనుమరాలిని "నీళ్ళను మీరేమంటారు?" అని అడిగితే, ఆ పిల్ల సిగ్గుపడి అవ్వ వెనుక దాగినది. అవ్వ చెప్పిన మాటను మా పిల్ల చేతిమీద కలముతో వ్రాసుకొన్నది. వారు వారించలేదు గాని, ఎందుకో నవ్వుకొన్నారు. ఇంటికి వచ్చేసరికి చెమటకు అక్షరాలు చెరిగిపోయినవి.

భోజనము ఆ అడ్డాకు విస్తళ్ళలోనే చేసినాము. పూటకూటి ఇల్లువంటి చోటు. పీటలు లేవు, బల్లలే. అన్నము, కూరముక్కలు వేసిన పప్పు, పనసకాయ కూర, చింతపండు చారు. ఆ పప్పును వడ్డించే ఆమె మాతో పప్పు అన్నది, వెనుకవారితో దాల్మా అన్నది. వేడి అన్నము తగిలితే అడ్డాకు ఒక వాసన వేస్తుంది. కంచములో తిన్నవారికి అది తెలియదు. ఎండాకాలములో పోతే తరవాణి చద్దన్నము అడగండి. ఒడియావారు పఖాళ అంటారు. చోడంబలి అడిగినా అంతే, మాండియా జావు అని రెండవ పేరు. కొండవారు జీలుగు కల్లు కూడా అమ్ముతారు. మేము తాగలేదు. మా రాజమండ్రి బావగారి విషయము ఆయనే చెప్పాలి.

చుట్టుపక్కల చూడవలసినవి తొందరగా చెప్పుతాము. గండహతి జలపాతము ఉన్నది. ఫాల్గుణములో నీరు సన్నము, వానలు వెలిసిన తరువాత పోవాలి. ఆంధ్ర వైపు వంశధార ఒడ్డున శ్రీముఖలింగము, మధుకేశ్వరుని గుడి తప్పక చూడదగినవి. మహేంద్రగిరి 1501 మీటర్లు. పైన పాండవుల పేర్లతోనూ, కుంతి పేరుతోనూ పిలిచే ప్రాచీన రాతి గుళ్ళున్నవి. రాజేంద్రచోళుని నాటి తమిళ శాసనము కూడా అక్కడ ఉన్నది. శివరాత్రికి జనము తండోపతండాలుగా ఎక్కుతారు. పిల్లలతో మాకు సాధ్యపడలేదు.

రెండవనాడు తిరుగు ప్రయాణము రైలులో కాక, జీపు మాట్లాడుకొని కొండదారిన చేసినాము. రామగిరి ఉదయగిరి మీదుగా చంద్రగిరి, మోహన, తప్తపాణి దాటి దిగపహండి వస్తుంది. మలుపులకు ఇద్దరు పిల్లలు వాంతులు చేసుకొన్నారు. నిమ్మకాయలు దగ్గర ఉంచుకొనండి. చంద్రగిరిలో టిబెటువారు ఉన్నారు. దేశము పోగొట్టుకొని వచ్చినవారికి 1963లో ఇక్కడ నివాసము ఏర్పరచినారు. కొండ బీళ్ళను సాగుచేసి మొక్కజొన్న పండించినారు. జిరంగులో వారు కట్టిన పద్మసంభవ మహావిహారమును 2010లో దలైలామాగారు వచ్చి ప్రారంభించినారు. మఠము లోపల బుద్ధుని ముందు కూర్చుంటే పిల్లలు కూడా గొంతు తగ్గించినారు.

అక్కడి ఫలహారశాలలో తుక్‌పా అనే వేడి పులుసు తాగినాము. సేమ్యావంటి పొడుగు పిండితీగలు, ఆకుకూరలు వేసి కాస్తారు. మాంసము లేనిది కూడా చేసిస్తారు, ముందుగా చెప్పాలి. ఆవిరిమీద ఉడికించిన మోమోలు మన కజ్జికాయ ఆకారములో ఉంటాయి. లోపల కొబ్బరికి బదులు క్యాబేజీ. మా ఇంటివారు ఒకటి కొరికి, "ఉప్పు కజ్జికాయ" అన్నారు. వడ్డించిన టిబెటు యువకుడు మాతో ఒడియాలో మాట్లాడినాడు, తన తల్లితో వారి భాషలో మాట్లాడినాడు. ఇంటిలో ఏ భాష అని అడిగినాము. "అమ్మ బ్రతికి ఉన్నన్నాళ్ళు మా భాషే" అన్నాడు. తరువాత ఏమిటని మేము అడగలేదు.

తప్తపాణి చేరేసరికి పొద్దు వాలినది. గంధకపు వాసనతో పొగలు కక్కే ఆ వేడినీటి ఊట బరంపురమునకు 50 కిలోమీటర్లే గనుక మనలో చాలామంది చూసినదే. కాళ్ళు ముంచితే రెండు రోజుల నడక నొప్పి పోయినది. రాత్రి తొమ్మిదికి ఇల్లు చేరినాము.

మనిషికి ఖర్చు ఎంతైనదో కార్యదర్శిగారికి వ్రాసి ఇచ్చినాము. కావలసినవారు అడిగి తెలుసుకోవచ్చును. ముసలమ్మ దగ్గర కొన్న అడ్డాకు కట్టలు ఆరు, కొత్త చింతపండు అయిదు వీశెలు సంఘ భవనములో దించినాము. ఈ ఉగాదినాడు మీరు తినబోయే పచ్చడిలోని పులుపు, మీ ముందు పరచబోయే విస్తళ్ళు అక్కడివే.